శ్వాసకోశ జబ్బుల్లో వైరస్ నిర్ధారణ

జలుబు, గొంతునొప్పి మొదలుకొని నెమ్ము వరకు, ఉన్నట్టుండి మొదలై రోజుల్లోనే ముదిరే జబ్బులను తీవ్ర శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్లు అంటారు. వీటిలో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చేవే. ఏ వైరస్ వల్ల వచ్చిందో రోగి ముక్కు, గొంతు లేదా ఊపిరితిత్తుల నుంచి తీసిన నమూనాలో వెతికి తేల్చడమే వైరస్ నిర్ధారణ. ఈ పనిలో రెండు ప్రశ్నలు కలిసి ఉంటాయి. నమూనాలో వైరస్ ఉందా అన్నది మొదటిది. ఈ రోగి పడుతున్న బాధకు ఆ వైరస్సే కారణమా అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు నేటి యంత్రాలు గంటలో జవాబు చెబుతాయి. రెండోదానికి జవాబు యంత్రంలో దొరకదు. రోగి వయసు, జబ్బు మొదలైన రోజు, ఎక్స్‌రే, ఊళ్లో అప్పుడు తిరుగుతున్న జబ్బులు అన్నీ కలిపి చూడాలి. ఈ రెండింటినీ ఒకటిగా చూడటం వల్లే రిపోర్టులను తప్పుగా చదవడం జరుగుతోంది.

లక్షణాలను బట్టి పోల్చుకోవడం

శ్వాసకోశాన్ని పట్టే వైరస్‌లు చాలా ఉన్నాయి. ఇన్‌ఫ్లుయెంజా ఏ, బీ, ఆర్‌ఎస్‌వీగా పిలిచే రెస్పిరేటరీ సిన్సిషియల్ వైరస్, నాలుగు రకాల పారాఇన్‌ఫ్లుయెంజా, మెటాన్యుమోవైరస్, అడినోవైరస్, 160కి పైగా రకాలున్న రైనోవైరస్, ఏటా జలుబు తెచ్చే నాలుగు కరోనా వైరస్‌లు, 2019 చివర్లో వచ్చి చేరిన కోవిడ్ వైరస్. ఇవన్నీ ముక్కు కారడం, దగ్గు, జ్వరం, ఆయాసం అనే నాలుగైదు లక్షణాలనే అటూ ఇటూగా చూపిస్తాయి.

కొన్ని పోలికలు అనుభవంలో తెలుస్తాయి. ఏడాది నిండని పాపకు రెండు రోజులు ముక్కు కారి, తర్వాత పిల్లికూతలు వచ్చి, డొక్కలు ఎగరేస్తుంటే పిల్లల డాక్టరు ముందు ఆర్‌ఎస్‌వీనే అనుమానిస్తారు. కుక్క మొరిగినట్టు దగ్గు, ఊపిరి పీల్చేటప్పుడు గరగర ఉంటే పారాఇన్‌ఫ్లుయెంజా తలపుకొస్తుంది. ఒక్క పూటలో జ్వరం ఎక్కి ఒళ్లంతా విరగ్గొట్టినట్టుంటే ఫ్లూ. అయినా ఇవి అంచనాలే. అవే పిల్లికూతలు రైనోవైరస్‌తోనూ, మెటాన్యుమోవైరస్‌తోనూ వస్తాయి. పెద్దవాళ్లలోనైతే ఈ మాత్రం తేడా కూడా కనిపించదు. డెబ్బై ఏళ్ల మనిషికి ఆర్‌ఎస్‌వీ సోకితే ఇంట్లోవాళ్లు పాత ఆస్తమానే తిరగబెట్టిందనుకుంటారు.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిఘా కోసం పెట్టిన నిర్వచనాలు వైరస్ పేరు ఎత్తవు. 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకన్నా ఎక్కువ జ్వరం, దగ్గు ఉండి, జబ్బు గత 10 రోజుల్లో మొదలైతే ఫ్లూ లాంటి జబ్బు. జ్వరం వచ్చిందన్న మాటే ఉన్నా సరే, దగ్గు ఉండి ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే సారి, అంటే తీవ్రస్థాయి శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్. కోవిడ్ రోజుల్లో మన ఆసుపత్రుల బోర్డుల మీద కనిపించిన ‘సారి వార్డు’ ఇదే. రోగి ఈ నిర్వచనంలోకి వచ్చాక, పేరు తేల్చే పని ప్రయోగశాలది.

ఫెర్రెట్ నుంచి పీసీఆర్ దాకా

1892లో జర్మన్ శాస్త్రవేత్త రిచర్డ్ ఫైఫర్ ఫ్లూ రోగుల కఫంలో ఒక బాక్టీరియాను చూసి ఫ్లూకు అదే కారణమని ప్రకటించాడు. 1918 మహమ్మారి నాటికి కూడా చాలామంది అదే నమ్మకంతో ఉన్నారు. కొందరు రోగుల్లో ఆ బాక్టీరియా దొరకలేదు. అలాంటప్పుడు వెతికినవాళ్ల చేతకానితనం అనుకున్నారే తప్ప సిద్ధాంతాన్ని అనుమానించినవాళ్లు తక్కువ. రోగిలో దొరికిందల్లా రోగకారకం కాదన్న పాఠానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ ఈ రంగంలో లేదు.

1933లో లండన్‌లో విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, ప్యాట్రిక్ లైడ్‌లా ఫ్లూ రోగులు గొంతు పుక్కిలించిన నీటిని బాక్టీరియా దాటలేని వడపోతల్లో వడకట్టి, ముంగిసను పోలిన ఫెర్రెట్ అనే జంతువు ముక్కులో వేశారు. రెండు రోజుల్లో వాటికి జ్వరం, తుమ్ములు పట్టుకున్నాయి. తర్వాత జబ్బుపడిన ఒక ఫెర్రెట్ చార్లెస్ స్టూవర్ట్ హారిస్ అనే పరిశోధకుడి ముఖం మీద తుమ్మింది. ఆయనకు ఫ్లూ వచ్చింది. ఆయన గొంతు నుంచి తిరిగి అదే వైరస్‌ను వేరుచేశారు. కారణం రుజువు కావడమంటే ఏమిటో అనుకోకుండా జరిగిన ఆ ఘటన చూపించింది.

1941లో జార్జ్ హర్స్ట్ ఫ్లూ వైరస్ కోడి ఎర్రరక్తకణాలను గుంపుగా అతుక్కునేలా చేస్తుందని కనిపెట్టాడు. ఈ గుణం వల్ల కంటికి కనిపించని వైరస్‌ను గాజుగొట్టం అడుగున కణాలు పేరుకునే తీరులో చూడగలిగారు. 1949లో ఎండర్స్, వెల్లర్, రాబిన్స్ పోలియో వైరస్‌ను గాజుపాత్రలోని కణాల్లో పెంచారు. ఆ దారి తెరుచుకున్నాక పదేళ్లలోపే అడినోవైరస్, ఆర్‌ఎస్‌వీ, పారాఇన్‌ఫ్లుయెంజా, రైనోవైరస్ వరుసగా బయటపడ్డాయి. ఆర్‌ఎస్‌వీ 1956లో మొదట దొరికింది జలుబు చేసిన చింపాంజీల్లో. మరుసటి ఏడాదే రాబర్ట్ చానక్ దాన్ని పసిపిల్లల్లో చూపించాడు.

కణవర్ధనం అనే ఈ పద్ధతిలో నైపుణ్యమంతా కంటిదే. ఆర్‌ఎస్‌వీ సోకిన కణాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పెద్ద ముద్దలవుతాయి. అడినోవైరస్ సోకినవి ఉబ్బి గుత్తులుగా మారతాయి. అనుభవమున్న టెక్నీషియన్ మైక్రోస్కోపులో చూసి పేరు చెప్పేసేవారు. అయితే అలా కనిపించడానికి నాలుగైదు రోజుల నుంచి రెండు వారాలు పట్టేది. ఆలోగా రోగి కోలుకునేవాడు, లేదా చనిపోయేవాడు. ఈ ఆలస్యాన్ని మొదట తగ్గించింది ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ పరిశోధకులు ఫిలిప్ గార్డ్‌నర్, జాయిస్ మెక్‌క్విలిన్. ముక్కు స్రావంలోని కణాలకు మెరిసే రంగు కట్టిన యాంటీబాడీలను అంటించి, అతినీలలోహిత కాంతిలో చూసి, పసిపిల్లల్లో ఆర్‌ఎస్‌వీని ఆ రోజే గుర్తించవచ్చని 1968లో వాళ్లు ప్రచురించారు.

రక్తంలో యాంటీబాడీలను కొలిచే పద్ధతి ఇంకా పాతది. జబ్బు మొదట్లో ఒకసారి, రెండు మూడు వారాల తర్వాత మరోసారి రక్తం తీసి, యాంటీబాడీలు నాలుగు రెట్లు పెరిగితే ఆ వైరస్ సోకినట్టు లెక్క. మంచంలో ఉన్న రోగికి దీనివల్ల ఒరిగేది లేదు. ఊరి లెక్క తేల్చడానికి మాత్రం ఇప్పటికీ ఇదే ఆధారం. 2001లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు మెటాన్యుమోవైరస్‌ను కనుక్కున్నాక 1958 నాటి నిల్వ రక్తాన్ని పరీక్షించారు. అందులోనూ యాంటీబాడీలు ఉన్నాయి. అంటే కొత్తగా దొరికిన ఆ వైరస్ అప్పటికే కనీసం నలభై ఏళ్లుగా మనుషుల్లో తిరుగుతోంది. గాజుపాత్రలో సరిగా పెరగకపోవడం వల్లే ఎవరి కంటా పడలేదు.

స్వాబ్ సరిగా తీయడం

రిపోర్టు తప్పడానికి యంత్రం లోపం కారణమయ్యేది తక్కువ. ఎక్కువసార్లు తప్పు స్వాబ్ తీసే చేతిలోనే ఉంటుంది. వైరస్ ఎక్కువగా పెరిగేది ముక్కు వెనక, గొంతు పైభాగాన ఉన్న పొరలో. స్వాబ్ అక్కడిదాకా వెళ్లాలి. రోగి తల కాస్త వెనక్కి వంచి, పుల్లను పైకి కాకుండా అంగిలికి సమాంతరంగా, ముక్కు నేల వెంబడి నెమ్మదిగా పంపాలి. అడ్డం తగిలాక కొన్ని క్షణాలు అక్కడే ఉంచి, తిప్పి, తీయాలి. సరిగా తీస్తే రోగికి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ముక్కు అంచున తుడిచి తీసిన స్వాబ్‌తో నెగటివ్ వస్తే ఆ నెగటివ్‌కు విలువ లేదు.

పుల్ల దేనితో చేసిందన్నదీ ముఖ్యమే. నైలాన్ నూగు అంటించిన ప్లాస్టిక్ పుల్ల మంచిది. చెక్క పుల్లలోనూ, కాల్షియం ఆల్జినేట్ దూదిలోనూ ఉండే పదార్థాలు, వైరస్ జన్యువును వెతికే పీసీఆర్ చర్యను అడ్డుకుంటాయి. తీసిన స్వాబ్‌ను వీటీఎం అనే గులాబీరంగు ద్రవంలో ముంచి, మిగతా పుల్ల విరిచి మూత బిగిస్తారు. ఆ ద్రవంలో లవణాలు, కొంత ప్రొటీను, బాక్టీరియా, బూజు పెరగకుండా మందులు ఉంటాయి. గులాబీరంగు పసుపుకు తిరిగితే ద్రవం ఆమ్లంగా మారిందని, అందులో ఏదో పెరిగిందని అనుమానించాలి. గొట్టాన్ని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచి మూడు రోజుల్లోగా ప్రయోగశాలకు చేర్చాలి. అంతకన్నా ఆలస్యమయ్యేలా ఉంటే మైనస్ 70 డిగ్రీల కింద దాచాలి. మే నెల ఎండలో మండల కేంద్రం నుంచి జిల్లా ఆసుపత్రికి బస్సులో వెళ్లే ఐస్ డబ్బా ఈ గొలుసులో అన్నింటికన్నా బలహీనమైన లంకె.

జబ్బు మొదలై ఎన్నో రోజన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఫ్లూ వైరస్ లక్షణాలకు ఒకరోజు ముందే మొదలై, రెండు మూడు రోజుల్లో గరిష్ఠానికి చేరి, వారంలో తగ్గిపోతుంది. ఎనిమిదో రోజున ఆయాసంతో చేరిన మనిషి ముక్కులో వైరస్ లేకపోవచ్చు, ఊపిరితిత్తుల్లో ఉండవచ్చు. వెంటిలేటర్ మీద ఉన్న రోగికి ముక్కు స్వాబ్ నెగటివ్ వచ్చినా శ్వాసనాళం నుంచి లాగిన ద్రవాన్ని పరీక్షించాలి. పీసీఆర్ కోసం లక్షలు పెట్టే ఆసుపత్రి స్వాబ్ తీసే నర్సుకు ఒక పూట శిక్షణ ఇవ్వకపోతే ఆ ఖర్చులో సగం వృథా అయినట్టే.

ఆర్‌టీ-పీసీఆర్

ఈ జబ్బులు తెచ్చే వైరస్‌లలో అడినోవైరస్, బోకావైరస్ తప్ప దాదాపు అన్నిటి జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ. దాన్ని ముందు డీఎన్‌ఏగా మార్చుకుని, తర్వాత ఆ డీఎన్‌ఏలో ఎంచుకున్న చిన్న ముక్కను రెట్టింపు చేస్తూ పోతారు. దాదాపు 95 డిగ్రీల వేడిలో రెండు పోగులు విడిపోతాయి. 60 డిగ్రీల దగ్గరికి చల్లబడ్డాక, వైరస్ జన్యువుకు సరిపోయేలా ముందే తయారుచేసిన ప్రైమర్లు తమ చోటు వెతుక్కుని అతుక్కుంటాయి. ఎంజైము కొత్త పోగు అల్లుతుంది. ఇదొక ఆవృతం. 40 ఆవృతాలు తిరిగేసరికి, లెక్కప్రకారం ఒక్క ముక్క లక్ష కోట్లకు పైగా అవుతుంది. ప్రతి రెట్టింపుకూ కాస్త కాంతి వెలువడేలా మెరుపు రంగును జతచేస్తారు కాబట్టి ఎన్నో ఆవృతంలో కాంతి గీత దాటిందో యంత్రం చెబుతుంది. కోవిడ్ కాలంలో ఇంటింటా వినిపించిన సీటీ విలువ అదే. ఈ సంఖ్య 3.3 తగ్గితే నమూనాలో వైరస్ సుమారు పది రెట్లు ఎక్కువ ఉన్నట్టు.

ఈ సంఖ్యను చూసి జబ్బు తీవ్రతను కొలవకూడదు. స్వాబ్ లోతుగా తీస్తే సీటీ తగ్గుతుంది, పైపైన తీస్తే పెరుగుతుంది. కిట్టు మారినా మారుతుంది. అందుకే మంచి కిట్టులో వైరస్ జన్యువుతో పాటు మనిషి జన్యువు ఒకదాన్నీ వెతుకుతారు. ఎక్కువగా వాడేది ఆర్‌ఎన్‌ఏజ్-పీ జన్యువు. అది కూడా కనబడకపోతే గొట్టంలో రోగి కణాలే లేవని అర్థం. అప్పుడు నెగటివ్ అని రాయకూడదు, మళ్లీ స్వాబ్ తీయమనాలి.

వైరస్ మారితే ప్రైమర్ అతకకపోవచ్చు. 2020 చివర్లో బ్రిటన్‌లో ఇదే జరిగింది. మూడు జన్యువులను వెతికే ఒక కోవిడ్ కిట్టులో రెండు పాజిటివ్‌గా, ఎస్ జన్యువు మాత్రం నెగటివ్‌గా రాసాగాయి. ఎస్ జన్యువులో 69, 70 స్థానాల్లో వైరస్ రెండు అమైనో ఆమ్లాలను వదిలేసుకోవడమే కారణం. ఆల్ఫాగా పేరుపడిన ఆ కొత్త రకం ఎంత వేగంగా వ్యాపిస్తోందో ఈ లోపాన్ని పట్టుకునే లెక్కగట్టారు. ఏడాది తర్వాత ఒమిక్రాన్‌ను గుర్తుపట్టడానికీ అదే సాయపడింది. పరీక్షకు ఒకే జన్యువు మీద ఆధారపడకూడదన్న నియమం ఎందుకో ఈ ఉదంతం చెబుతుంది.

ఒకే గొట్టంలో పది, ఇరవై వైరస్‌లను వెతికే మల్టీప్లెక్స్ ప్యానెళ్లు 2008 నుంచి మార్కెట్లో ఉన్నాయి. స్వాబ్ ద్రవాన్ని పౌచ్‌లో పోసి యంత్రంలో పెడితే గంటలో జాబితా వస్తుంది. రైనోవైరస్, ఎంటరోవైరస్ జన్యువులు వెతికే భాగంలో బాగా పోలి ఉండటం వల్ల చాలా ప్యానెళ్లు ఆ రెండింటినీ కలిపి ఒకే పేరుతో చూపిస్తాయి. మన దేశంలో ఒక్క ప్యానెల్ పరీక్ష ఖర్చు వేల రూపాయల్లో ఉంటుంది. అందరికీ ఇది అక్కర్లేదు. ఐసీయూలో ఉన్నవారికి, అవయవమార్పిడి, కీమోథెరపీ వల్ల రోగనిరోధక శక్తి తగ్గినవారికి దీని ఉపయోగం ఎక్కువ. మామూలు వార్డులో ఫ్లూ, కోవిడ్, ఆర్‌ఎస్‌వీ మూడింటిని వెతికే చిన్న పరీక్ష త్వరగా చేస్తే చాలు.

గోవాకు చెందిన మోల్‌బయో తయారుచేసిన ట్రూనాట్ చిప్ యంత్రం మొదట క్షయ కోసం వచ్చింది. బ్యాటరీతో నడిచే ఈ యంత్రం కోవిడ్‌లో చిన్న ఆసుపత్రులకూ పీసీఆర్‌ను తెచ్చింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ వీటీఎం ద్రవం లేకుండా పొడి స్వాబ్‌నే పంపి, ఆర్‌ఎన్‌ఏను విడిగా వేరుచేయకుండానే పరీక్షించే పద్ధతిని రూపొందించింది. భారత వైద్య పరిశోధన మండలి 2020 నవంబరులో దానికి ఆమోదం తెలిపింది. కిట్లు దొరకని రోజుల్లో ఇలా ఒక మెట్టు తగ్గించడం చిన్న విషయం కాదు.

యాంటిజెన్ పరీక్ష

పీసీఆర్ జన్యువును వెతికితే, యాంటిజెన్ పట్టీ వైరస్ ప్రొటీనును వెతుకుతుంది. ఇందులో రెట్టింపు చేయడం లేదు కాబట్టి వైరస్ బాగా ఉన్న రోజుల్లోనే గీత పడుతుంది. 2020 జూన్‌లో మన దేశంలో మొదట అనుమతి పొందిన కోవిడ్ యాంటిజెన్ కిట్టును పరిశీలించినప్పుడు, అది పీసీఆర్‌లో పాజిటివ్ వచ్చినవారిలో 50.6 నుంచి 84 శాతం మందిని మాత్రమే పట్టింది. జబ్బు లేనివారికి లేదని చెప్పడంలో 99.3 నుంచి 100 శాతం సరిగ్గా ఉంది. లక్షణాలుండి యాంటిజెన్ నెగటివ్ వస్తే పీసీఆర్ తప్పనిసరి అన్న నిబంధన ఈ అంకెల నుంచే వచ్చింది. ఫ్లూ యాంటిజెన్ పట్టీల సంగతీ ఇంచుమించు ఇంతే.

ఫలితం విలువ ఊళ్లో జబ్బు ఎంతుందో దాన్ని బట్టి మారుతుంది. రోగుల్లో 60 శాతాన్ని పట్టే, ఆరోగ్యవంతుల్లో నూటికి ఒకరిని పొరపాటుగా పాజిటివ్ అనే కిట్టును తీసుకుందాం. వెయ్యిమందిలో వందమందికి జబ్బు ఉన్నప్పుడు 60 నిజమైన పాజిటివ్‌లకు 9 తప్పుడువి వస్తాయి. అదే కిట్టుతో వెయ్యికి పదిమందికే జబ్బు ఉన్నప్పుడు పరీక్షిస్తే 6 నిజమైనవి, సుమారు 10 తప్పుడువి వస్తాయి. ఫ్లూ లేని కాలంలో వచ్చిన ఫ్లూ పాజిటివ్‌ను ఇంకోసారి సరిచూసుకోవాల్సింది ఇందుకే.

దొరికిన వైరస్సే కారణమా

పీసీఆర్ ఎంత సున్నితమో అంత ఇబ్బంది కూడా తెచ్చింది. జబ్బు తగ్గాక వారాల తరబడి వైరస్ ఆర్‌ఎన్‌ఏ శకలాలు ముక్కులో ఉంటాయి. ఏ బాధా లేకుండా ఆడుకునే పిల్లల ముక్కులోనూ రైనోవైరస్ తరచుగా కనిపిస్తుంది. ఒకే పిల్లవాడిలో రెండు మూడు వైరస్‌లు కలిసి దొరకడమూ మామూలే.

ఈ చిక్కు విప్పడానికి బంగ్లాదేశ్, థాయిలాండ్‌తో పాటు ఆఫ్రికాలోని ఐదు దేశాల్లో పెర్చ్ అనే అధ్యయనం జరిగింది. నెల నిండిన దగ్గర్నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో నెమ్ముతో ఆసుపత్రిలో చేరినవారిని, అదే ప్రాంతంలోని నెమ్ము లేని పిల్లలను పక్కపక్కనే పరీక్షించారు. రోగుల్లో ఎక్కువగా, ఆరోగ్యవంతుల్లో తక్కువగా కనిపించిన దాన్నే కారణంగా లెక్కగట్టారు. 2019లో వచ్చిన ఫలితాల్లో, హెచ్‌ఐవీ లేకుండా ఎక్స్‌రేలో నెమ్ము రుజువైన పిల్లల్లో, 61.4 శాతం కేసులు వైరస్‌లకు, 27.3 శాతం బాక్టీరియాకు చెందాయి. ఒక్క ఆర్‌ఎస్‌వీ వాటాయే 31.1 శాతం. ఆరోగ్యవంతుల్లో ఆర్‌ఎస్‌వీ అరుదు కనుక అది దొరికితే దాదాపు అదే కారణమని ధైర్యంగా చెప్పవచ్చు. ఫ్లూ, మెటాన్యుమోవైరస్ కూడా ఈ కోవలోవే. రైనోవైరస్ దొరికితే మాత్రం వేరే కారణం కోసం వెతకడం ఆపకూడదు.

పెద్దల్లో లెక్క ఇంకా తేలదు. నెమ్ముతో ఆసుపత్రిలో చేరిన అమెరికా పెద్దలపై 2015లో ప్రచురితమైన అధ్యయనంలో, అన్ని పరీక్షలూ చేశాక కూడా 38 శాతం మందిలోనే ఏదో ఒక క్రిమి దొరికింది. వైరస్‌లు 23 శాతంలో, బాక్టీరియా 11 శాతంలో కనిపించాయి.

వైరస్ దొరికినంత మాత్రాన బాక్టీరియా లేదని కాదు. 1918లో చనిపోయినవారి ఊపిరితిత్తుల ముక్కలను తర్వాత పరిశీలించినప్పుడు, మరణాల్లో ఎక్కువ వాటా ఫ్లూ మీద వచ్చి పడిన బాక్టీరియా నెమ్ముదేనని తేలింది. ఫ్లూ తగ్గుముఖం పట్టి, మళ్లీ ఐదారో రోజున జ్వరం తిరగబెడితే చేతిలో ఫ్లూ పాజిటివ్ కాగితం ఉన్నా యాంటీబయాటిక్ ఇవ్వాల్సిందే.

వైద్యంలో పేరు తెలిసినందువల్ల మేలు

ఫ్లూ అని తేలితే ఒసెల్టామివిర్ ఇస్తారు. 48 గంటల్లోపు మొదలుపెడితే ఫలితం ఎక్కువ. తీవ్రంగా ఉన్న రోగికి రిపోర్టు కోసం ఆగకుండానే మొదలుపెట్టాలి. ఆక్సిజన్ మీదున్న కోవిడ్ రోగికి డెక్సామెథసోన్ ప్రాణం నిలుపుతుందని 2020లో రుజువైంది. అదే స్టెరాయిడ్ ఫ్లూ నెమ్ములో మేలు చేస్తుందన్న రుజువు లేదు, కీడు చేయవచ్చని సూచించే పరిశీలనలున్నాయి. ఎక్స్‌రేలో ఒకేలా కనిపించే రెండు జబ్బులకు వైద్యం ఇలా వేరవుతుంది. ఆర్‌ఎస్‌వీకి నేరుగా పనిచేసే మందు అంతగా లేకపోయినా పేరు తెలిస్తే ఆ పసికందును పక్క మంచాల పిల్లలకు దూరంగా ఉంచవచ్చు. పసిపిల్లల వార్డులో ఇది చిన్న మేలు కాదు.

యాంటీబయాటిక్ ఆపడం మాత్రం కాగితం మీద ఉన్నంత తేలిక కాదు. వైరస్ పాజిటివ్ అని తెలిశాక కూడా చాలాచోట్ల అవే ఇంజెక్షన్లు సాగుతుంటాయి. ఆపే ధైర్యం డాక్టరుకు రావాలంటే రిపోర్టు మూడో రోజున కాక మొదటి పూటే చేతికందాలి.

నిఘా, కొత్త వైరస్‌లు

1952లో మొదలైన ప్రపంచ ఫ్లూ నిఘా వ్యవస్థ వివిధ దేశాల స్వాబ్‌లను పోల్చి ఏటా టీకాలో ఏ రకాలు ఉండాలో సూచిస్తుంది. మన దేశంలో ఈ పనికి పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పెద్ద దిక్కు. అదీ 1952లో పుట్టిందే. 2009 హెచ్1ఎన్1 మహమ్మారిలో దేశంలో మొదటి కేసు మే నెలలో, అమెరికా నుంచి హైదరాబాద్ చేరిన ప్రయాణికుడిలో బయటపడింది. 2020 జనవరి 30న కేరళలో దేశపు తొలి కోవిడ్ కేసును నిర్ధారించిందీ పుణె ప్రయోగశాలే.

తెలియని వైరస్‌ను వెతకడానికి వేరే దారి కావాలి. 2012లో సౌదీ అరేబియాలోని జెడ్డాలో ఒక రోగి కఫం నుంచి గాజుపాత్రలో వైరస్ పెరిగింది, తెలిసిన పరీక్షలన్నీ నెగటివ్. అలీ మొహమ్మద్ జకీ అనే వైరాలజిస్టు కరోనా కుటుంబమంతటికీ అతికే ప్రైమర్లతో పరీక్షించి, నమూనాను రాటర్‌డామ్‌కు పంపగా మెర్స్ వైరస్ బయటపడింది. ఇప్పుడు నమూనాలోని ఆర్‌ఎన్‌ఏ మొత్తాన్నీ చదివేసే మెటాజీనోమిక్ పద్ధతి ఉంది. వుహాన్ రోగుల ఊపిరితిత్తుల ద్రవం నుంచి కోవిడ్ వైరస్‌ను అలాగే పట్టుకున్నారు. 2020 జనవరి రెండో వారంలో జన్యుక్రమం బయటికొచ్చిన రోజుల్లోనే బెర్లిన్ శాస్త్రవేత్తలు పీసీఆర్ విధానాన్ని ప్రపంచానికి అందించారు.

జిల్లా స్థాయిలో ఈ గొలుసు ఎలా పనిచేయాలో చూపేది బర్డ్ ఫ్లూ. ఫ్లూ పీసీఆర్‌లో ముందు అన్ని ఏ రకాల్లోనూ పెద్దగా మారని మ్యాట్రిక్స్ జన్యువును వెతుకుతారు. అది పాజిటివ్ అయితే హెచ్1, హెచ్3 రకాలను చూస్తారు. మ్యాట్రిక్స్ బలంగా పాజిటివ్ వచ్చి, హెచ్1, హెచ్3 రెండూ నెగటివ్ అయితే ఆ నమూనా మనుషుల్లో మామూలుగా తిరగని రకానిది కావచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో ఓ చిన్నారి మరణానికి హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ కారణమని పుణె సంస్థ నిర్ధారించింది. ఇన్‌ఫ్లుయెంజా ఏ పాజిటివ్, రకం తేలలేదు అని వచ్చిన ప్రతి నమూనాను పక్కన పెట్టకుండా అదే రోజు పై ప్రయోగశాలకు పంపాలి. సీటీ తక్కువగా ఉంటే ఆ ఆతురత ఇంకా పెరగాలి. రోగి ఇంట్లో కోళ్లున్నాయా, చుట్టుపక్కల కోళ్లు చనిపోయాయా అన్న ప్రశ్న స్వాబ్ ఫారం నింపేటప్పుడే అడగాలి.